టీఐఏ పోలేదు, పోయింది పక్కనున్న బఫర్: ఒక అటారీ 2600 రిపేర్ కేస్ స్టడీ

కేసు ఏంటంటే, అటారీ 2600, టీవీకి పెట్టుకుని ఆడే పాత వీడియో గేమ్ మెషీన్, ముందువైపు నాలుగు స్విచ్‌లు, చెక్క ఫినిష్ ఉండే మోడల్, అంటే 1980లో వచ్చిన వెర్షన్. ఓనర్ గుంటూరు వైపు పెద్దాయన, ఎనభైల్లో ఎమ్మెస్ కోసం కాలిఫోర్నియా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పిల్లల కోసం అప్పట్లో కొన్నది, ఇప్పుడు మనవడికి చూపిద్దామని గరాజ్‌లోంచి తీస్తే సగం పనిచేస్తోంది సగం పనిచెయ్యట్లేదు. నా దగ్గరికి వచ్చేముందు ఒక షాప్‌లో చూపించారట, వాళ్ళు మూత కూడా విప్పకుండా "టీఐఏ చిప్ పోయింది, కొత్తది దొరకదు, వదిలేసుకోండి" అని చెప్పి పంపించేశారు. టీఐఏ అంటే ఈ మెషీన్‌లో బొమ్మా శబ్దం తయారుచేసే చిప్.

ఈ మాట నేను చాలా చోట్ల వింటున్నా కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నా. బొమ్మ కొంచెం తేడాగా వస్తే చాలు టీఐఏ మీదకి తోసెయ్యడం అలవాటైపోయింది. టీఐఏ ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యట్లేదు, అది మార్చాలంటే ఇంకో మెషీన్‌ లోంచి పీకాలి, అంటే ఒకదాన్ని బతికించడానికి ఇంకోదాన్ని చంపాలి. అలాంటప్పుడు ఆ చిప్ నిజంగా పోయిందని రుజువు చెయ్యకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదు అనేది నా గట్టి అభిప్రాయం. ఈ మెషీన్‌ లో ఆ రుజువు దొరకడం అంత కష్టం కూడా కాదు, టీవీ తెరే సగం చెప్పేస్తుంది.

కంప్లయింట్ ఆయన మాటల్లోనే: "ఎడమ వైపు జాయ్‌స్టిక్‌తో ట్యాంక్ తిరుగుతుంది బాబూ, ముందుకీ పోతుంది, కానీ గుండు పేలదు. రంగులు కూడా ఏదోలా ఉన్నాయి, మునుపు ఇలా ఉండేవి కావు."

"అంకుల్, ఇంకో జాయ్‌స్టిక్ పెట్టి చూశారా?"

"చూశా. కుడి వైపు పెడితే రెండూ పేలుతున్నాయి, ఎడమ వైపు పెడితే రెండూ పేలట్లేదు."

ఆయన తెలీకుండానే సగం డయాగ్నోసిస్ చేసేశారు. జాయ్‌స్టిక్‌లు బానే ఉన్నాయి, తేడా ఎడమ పోర్టు నుంచి లోపలికే ఎక్కడో ఉంది. గేమ్ ఏంటంటే కంబాట్, మెషీన్‌తో పాటు డబ్బాలోనే ఇచ్చిన కార్ట్రిడ్జ్, రెండు కిలోబైట్ల గేమ్.

రిపేర్‌లోకి వెళ్ళేముందు లోపల ఏముందో చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. 2600 అమ్మకాలు మొదలైంది 1977 సెప్టెంబర్‌లో, అప్పుడు దాని పేరు వీడియో కంప్యూటర్ సిస్టమ్. అటారీ ఆఫీసు సన్నీవేల్‌లో బొరెగాస్ అవెన్యూలో ఉండేది, ఇప్పుడు ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. మొదటి ప్రోటోటైప్ మాత్రం గ్రాస్ వ్యాలీలో సయాన్ ఇంజినీరింగ్ అనే అటారీ డిజైన్ గ్రూపులో స్టీవ్ మేయర్, రాన్ మిల్నర్ మొదలుపెట్టారు, తర్వాత జో డెక్యుర్ చేరాడు, టీఐఏ చిప్‌ని జే మైనర్ తయారుచేశాడు. ఈ జే మైనరే తర్వాత అమీగా కంప్యూటర్ చిప్‌లు కూడా చేసింది.

లోపల పెద్ద చిప్‌లు మూడే. మొదటిది 6507 ప్రాసెసర్, ఇది 6502నే 28 పిన్‌ల చిన్న ప్యాకేజీలో పెట్టింది, అడ్రస్ లైన్లు 13 మాత్రమే కాబట్టి మొత్తం ఎనిమిది కిలోబైట్ల వరకే చూడగలదు, అందులో కార్ట్రిడ్జ్‌కి నాలుగు. ఇంటరప్ట్ పిన్‌లు కూడా లేవు. రెండోది 6532, దీన్ని రయట్ అంటారు, 128 బైట్ల ర్యామ్, ఒక టైమర్, రెండు పోర్టులు. అవును, 128 బైట్లే, మొత్తం మెషీన్‌ లో ఉన్న ర్యామ్ అంతే, స్కోరు, ట్యాంకుల పొజిషన్లు, స్టాక్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. మూడోది టీఐఏ, టెలివిజన్ ఇంటర్‌ఫేస్ అడాప్టర్, బొమ్మా శబ్దం రెండూ దీని పనే.

ఇక్కడే ఈ మెషీన్ మిగతా వాటికంటే వేరు. తర్వాత వచ్చిన గేమ్ మెషీన్లలో తెర మీద బొమ్మకి సంబంధించిన డేటా ఒక వీడియో మెమరీలో కూర్చుని ఉంటుంది, ఇందులో అలాంటిదేం లేదు, టీవీ ఒక గీత గీసేలోపు ఆ గీతకి సంబంధించిన రిజిస్టర్లు, అంటే చిప్ లోపలి చిన్న గడులు, ప్రాసెసర్ అప్పటికప్పుడు టీఐఏలో రాయాలి, గీత అయిపోగానే మళ్ళీ కొత్త గీతకి కొత్తగా. టీఐఏకి తెలిసిన వస్తువులు ఆరే: ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పున్న ప్లేయర్లు రెండు, మిసైల్‌లు రెండు, ఒక బాల్, వెనక 20 బిట్ల ప్లేఫీల్డ్. పాంగ్, ట్యాంక్ లాంటి ఆర్కేడ్ గేమ్‌లని ఇంటికి తేవడానికి చేసిన చిప్ కాబట్టి సరిగ్గా వాటికి ఏం కావాలో అవే పెట్టారు. ఒక గీతలో 228 కలర్ క్లాక్‌లు, అంటే టీఐఏ గడియారం టిక్కులు, ప్రాసెసర్ సైకిల్ ఒకటి అయ్యేలోపు టీఐఏ మూడు క్లాక్‌లు నడుస్తుంది, అంటే ఒక గీతకి ప్రాసెసర్‌కి దొరికేది 76 సైకిళ్ళు. పని ముందే అయిపోతే ప్రోగ్రామ్ టీఐఏకి ఒక రాత రాస్తుంది, టీఐఏ రెడీ లైన్ కిందకి లాగి ప్రాసెసర్‌ని తర్వాతి గీత మొదలయ్యే దాకా ఆపేస్తుంది. నిలువు సింక్, అంటే కొత్త బొమ్మ మొదలైందని టీవీకి చెప్పే సంకేతం, కూడా ప్రోగ్రామే ఇవ్వాలి, సింక్ మూడు గీతలు, ఖాళీ 37, బొమ్మ 192, కింద మళ్ళీ ఖాళీ 30, మొత్తం 262.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, తెర మీద బొమ్మ కదలకుండా నిలబడిందంటే దాని అర్థం చాలా పెద్దది. ప్రాసెసర్ గీతలు తప్పు లెక్కపెట్టకుండా ఫ్రేము తర్వాత ఫ్రేము తిప్పుతోంది, కార్ట్రిడ్జ్ సరిగ్గా చదువుతోంది, ర్యామ్ బానే ఉంది, టీఐఏ ప్రాసెసర్‌ని సరిగ్గా ఆపి వదులుతోంది, చాలా గేమ్‌లు ఖాళీ గీతల టైమ్‌ని రయట్ టైమర్‌తోనే కొలుస్తాయి కాబట్టి ఆ టైమర్ కూడా నడుస్తోంది. పెద్దాయన మెషీన్‌ని నా పాత ట్యూబ్ టీవీకి పెట్టి ఛానల్ మూడులో చూస్తే బొమ్మ రాయిలా నిలబడింది. ఒక్క స్క్రూ విప్పకుండానే మూడు చిప్‌ల మీద సగం అనుమానం పోయింది.

మిగతా సగానికి, ఏది ఏ చిప్‌కి వెళ్తుందో గుర్తుంచుకోవాలి. జాయ్‌స్టిక్ దిశలు నాలుగూ రయట్ పోర్టుకి వెళ్తాయి, రీసెట్, సెలెక్ట్, కలర్, డిఫికల్టీ స్విచ్‌లు కూడా రయట్‌కే. ఫైర్ బటన్ మాత్రం రయట్‌కి వెళ్ళదు, టీఐఏకి వెళ్తుంది. కాబట్టి ట్యాంక్ తిరుగుతోంది కానీ పేలట్లేదు అంటే రయట్ సంగతి వదిలెయ్యొచ్చు. ఇక టీఐఏ వైపు చూస్తే ఫైర్ దానిలోకే, రంగు దానిలోంచే, రెండు లక్షణాలూ ఒకే చిప్ దగ్గర కలుస్తున్నాయి, ఆ షాప్ వాళ్ళు బహుశా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. కానీ ఈ రెండూ కలిసే చోటు ఇంకోటి ఉంది, అదే 4050 బఫర్.

4050 అంటే 16 పిన్‌ల మామూలు సీమాస్ చిప్, లోపల ఆరు గేట్లు, లోపలికి ఏది వస్తే అదే బలంగా బయటకి పంపడం దాని పని. ఈ మోడల్‌లో టీఐఏ నుంచి వచ్చే బ్రైట్‌నెస్ లైన్లు మూడూ, సింక్ ఒకటీ దీని గుండా పోయి రెసిస్టర్ల దగ్గర కలిసి టీవీ ఛానల్ సిగ్నల్ తయారుచేసే మాడ్యులేటర్‌కి వెళ్తాయి. మిగిలిన రెండు గేట్లు ఊరికే వదిలెయ్యకుండా రెండు ఫైర్ బటన్లకి వాడారు. అంటే పోర్టులోంచి వచ్చే ఫైర్ వైరు నేరుగా టీఐఏకి కాకుండా 4050లోకి వెళ్ళి అక్కడినుంచి టీఐఏకి పోతుంది. కొత్తది కొంటే టీ ఖర్చు, ఏ ఎలక్ట్రానిక్స్ సైట్‌లో అయినా దొరుకుతుంది.

అయితే అనుమానం వేరు, రుజువు వేరు. బయటినుంచి లోపలికి వచ్చా. అడాప్టర్ ఒరిజినల్‌దే, తొమ్మిది వోల్టుల డీసీ, 500 మిల్లీయాంప్‌లు, 3.5 మిల్లీమీటర్ల మోనో పిన్, చివర పాజిటివ్. ఈ పిన్ జాక్‌లోకి దూరేటప్పుడు ఒక్క క్షణం షార్ట్ అయ్యే ఛాన్స్ ఉంది కాబట్టి ముందు మెషీన్‌కి గుచ్చి తర్వాతే గోడకి పెట్టాలి, ఇది అందరూ ఉల్టా చేస్తారు. మూత తీసి, లోపల రేకు షీల్డ్ చెవులు మెల్లగా తిప్పి విప్పి, 7805 రెగ్యులేటర్ అవుట్‌పుట్ చూశా, అయిదు వోల్టులు సరిగ్గా ఉంది. స్కోప్‌లో (వోల్టేజీని గీతలా చూపించే పరికరం) చూస్తే రిపుల్, అంటే వోల్టేజీలో అలలు, కొంచెం ఎక్కువే, 2200 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్ ముసలిదైపోయింది, అది ఎలాగూ మార్చాలి కానీ అసలు కంప్లయింట్‌కి దానికీ సంబంధం లేదు, రిపుల్ వల్ల తెర మీద అడ్డంగా పట్టీలు పాకుతాయి తప్ప ఒక్క ఎడమ ఫైర్ బటన్ మాత్రమే చావదు. పోర్టులో ఆరో పిన్ ఫైర్, ఎనిమిది గ్రౌండ్, ఆరో పిన్ నుంచి బోర్డు మీద 4050 దాకా మల్టీమీటర్ బీప్ వచ్చింది, అంటే టంకం పగుళ్ళేం లేవు.

ఇప్పుడు రంగుల సంగతి. ఏదో ఒక గేమ్ చూసి "రంగు తేడా" అనుకుంటే ఏం తేలదు, అందుకే ఇలాంటి వాటికి నేను సొంతంగా రాసుకున్న చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ ఒకటి ఈప్రామ్ అనే మెమరీ చిప్‌లో కాల్చి పెట్టుకున్నా. దాంట్లో ఏం లేదు, 192 గీతల్ని 24 చొప్పున ఎనిమిది పట్టీలు చేసి, బ్యాక్‌గ్రౌండ్ రంగు ఒకటే ఉంచి బ్రైట్‌నెస్ మాత్రం పైనుంచి కిందకి సున్నా నుంచి ఏడు దాకా పెంచుకుంటూ పోతుంది, సెలెక్ట్ స్విచ్ నొక్కితే తర్వాతి రంగు. టీఐఏ రంగు రిజిస్టర్‌లో పై నాలుగు బిట్లు రంగు, తర్వాతి మూడు బిట్లు బ్రైట్‌నెస్, చివరి బిట్ వాడరు, పదహారు ఎనిమిదులు 128 రంగులు అలా వచ్చాయి. రంగు మార్చడానికి ఫైర్ బటన్ కాకుండా సెలెక్ట్ పెట్టింది కావాలనే, అది రయట్ దారిలో వెళ్తుంది కాబట్టి టీఐఏ వైపు ఏం పోయినా టెస్ట్ ఆగదు.

బూడిద రంగు పెట్టి చూస్తే కనిపించింది ఇదీ. పై పట్టీ నలుపు. రెండోది కొంచెం లేతగా. మూడోది మళ్ళీ నలుపు! నాలుగోది మళ్ళీ రెండో దానిలా. అయిదోది ఒక్కసారిగా పైకి లేచి మధ్యస్థం బూడిద, ఆరోది ఇంకొంచెం తెల్లగా, ఏడోది అయిదో దానిలా వెనక్కి పడింది, ఎనిమిదోది ఆరో దానిలా. మెట్లు మెట్లుగా తెల్లబడాల్సింది పోయి ఎక్కుతూ దిగుతూ ఉంది. సున్నా, ఒకటి, సున్నా, ఒకటి, నాలుగు, అయిదు, నాలుగు, అయిదు. మూడు బిట్లలో మధ్య బిట్, అంటే రెండు విలువ ఉన్న బిట్, ఎప్పుడూ సున్నా దగ్గరే ఉండిపోతే సరిగ్గా ఇదే వస్తుంది. పై పట్టీ నలుపుగానే ఉంది కాబట్టి బిట్ పైన కాదు, కిందే ఇరుక్కుంది, పైన ఇరుక్కుంటే అసలు నలుపే వచ్చేది కాదు. వేరే రంగులకి మార్చినా లెక్క అదే, రంగు మాత్రం సరిగ్గా మారుతోంది, అంటే టీఐఏ లోని కలర్ సర్క్యూట్‌ కి ఏం కాలేదు. పెద్దాయన రంగులు ఏదోలా ఉన్నాయన్నది ఇదే, నిజానికి రంగు మారలేదు, వెలుగు తగ్గింది, ఒక్కో గేమ్‌లో రెండు మెట్ల తేడా మాత్రమే ఉన్న వస్తువులు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయి కనపడవు కూడా.

స్కోప్ పెట్టా. టీఐఏ నుంచి మధ్య బ్రైట్‌నెస్ లైను 4050 ఇన్‌పుట్ దగ్గర చూస్తే చక్కగా పైకీ కిందకీ ఆడుతోంది, రెండేసి పట్టీలు, అంటే 48 గీతల పాటు ఒక్కో స్థాయిలో, ఎలా ఉండాలో అలాగే. దాని పక్క పిన్, అదే గేట్ అవుట్‌పుట్, చదునుగా సున్నా. ఒక పిన్ నుంచి పక్క పిన్‌కి ప్రోబ్ జరిపితే చాలు కథ మొత్తం అక్కడే ఉంది. తర్వాత ఎడమ ఫైర్ నొక్కితే ఆ గేట్ ఇన్‌పుట్ సున్నాకి పడుతోంది, అవుట్‌పుట్ మాత్రం అయిదు వోల్టుల దగ్గర కదలట్లేదు. టీఐఏకి అక్కడ పైన ఉంటే నొక్కలేదని, కింద పడితే నొక్కారని లెక్క, ఇక ఎప్పటికీ నొక్కినట్టు తెలీదు.

ఇక్కడ చాలామంది ఆగిపోయి చిప్ మార్చేస్తారు, నేను ఇంకో మెట్టు వెళ్ళా, ఎందుకంటే గేట్ పోయిందని తేలింది కానీ టీఐఏలో ఫైర్ చదివే భాగం బాగుందని ఇంకా తేలలేదు. 4050ని మొత్తం తీసేసి చూద్దామంటే కుదరదు, సింక్ కూడా దాని గుండానే పోతుంది కాబట్టి బొమ్మే పోతుంది. ఎలాగూ పోయిన చిప్పే కదా అని పవర్ తీసేసి ఆ ఒక్క గేట్ అవుట్‌పుట్ కాలుని సన్న కట్టర్‌తో చిప్ దగ్గర కత్తిరించా, టీఐఏ వైపు లైనుకి పది కిలో ఓమ్ రెసిస్టర్‌తో అయిదు వోల్టులు ఇచ్చా, కంబాట్ పెట్టి ఆన్ చేసి ఆ లైనుని ఒక వైరుతో గ్రౌండ్‌కి తాకించా. ఎడమ ట్యాంక్ పేలింది. టీఐఏ మీద కేసు కొట్టేసినట్టే.

చిప్ మార్చడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఈ వయసు బోర్డుల్లో రాగి ప్యాడ్లు తొందరగా లేచి వచ్చేస్తాయి, అందుకని చిప్‌ని మొత్తంగా పీకడానికి ప్రయత్నించకుండా కాళ్ళన్నీ కత్తిరించి, ఒక్కో కాలూ విడిగా వేడి చేసి లాగి, రంధ్రాలు టంకం పీల్చే విక్‌తో శుభ్రం చేసి, 16 పిన్‌ల సాకెట్ వేసి కొత్త 4050 గుచ్చా. ఒక్క జాగ్రత్త, 4049 అని ఇంకో చిప్ ఉంటుంది, కాళ్ళ వరస అదే, పని మాత్రం తలకిందులు, వచ్చినదాన్ని తిప్పి పంపుతుంది, పొరపాటున అది పెడితే సింకూ తిరగబడుతుంది వెలుగూ తిరగబడుతుంది. గుచ్చేముందు నంబర్ చదవండి. 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా అప్పుడే మార్చేశా.

టెస్ట్ మళ్ళీ పెడితే ఎనిమిది పట్టీలు ఎనిమిది మెట్లుగా వచ్చాయి. ఆ తర్వాత కలర్ పాట్, అంటే తిప్పి సర్దే చిన్న రెసిస్టర్, సర్దాను. టీఐఏలో రంగులు పుట్టేది ఒక డిలే గొలుసు వల్ల, 3.579545 మెగాహెర్ట్జ్ కలర్ క్లాక్‌ని కొంచెం కొంచెం ఆలస్యం చేసుకుంటూ పోతే ఒక్కో ఆలస్యానికి ఒక్కో రంగు, ఆ ఆలస్యం ఎంతనేది బోర్డు మీద చిన్న పాట్‌తో సెట్ చేస్తారు. పద్ధతి ఏంటంటే ఒకటో రంగూ పదిహేనో రంగూ దాదాపు ఒకేలా బంగారు రంగులో కనపడాలి, అంటే గొలుసు సరిగ్గా ఒక చుట్టు తిరిగి వచ్చిందన్నమాట. మెషీన్ బాగా వేడెక్కాక సర్దాలి, ఆన్ చెయ్యగానే సర్దితే అరగంటకి మళ్ళీ జరుగుతుంది.

గేట్లు రెండూ ఎందుకు పోయాయి? నా లెక్క స్టాటిక్. ఫైర్ పిన్ పోర్టులోంచి దాదాపు నేరుగా సీమాస్ గేట్ మీదకి వెళ్తుంది, చలికాలం కార్పెట్ మీద సాక్సులతో నడిచి వచ్చి జాయ్‌స్టిక్ ప్లగ్ పట్టుకుంటే ఆ షాక్ మొత్తం తినేది ఆ గేటే, ఒకే సిలికాన్ ముక్క మీద ఉన్న పక్క గేటు కూడా దాంతో పోవడం వింతేం కాదు. దిశల లైన్లు రయట్‌కి వెళ్తాయి కాబట్టి అవి బతికాయి. అంకుల్‌కి చెప్పింది కూడా ఇదే, జాయ్‌స్టిక్ మార్చాలంటే పవర్ ఆపి, ముందు ఏదైనా లోహం వస్తువు ముట్టుకుని అప్పుడు మార్చండి అని.

కాంపోజిట్ వీడియో మాడ్, అంటే ఛానల్ దారి కాకుండా టీవీకి నేరుగా వీడియో ఇచ్చే మార్పు, చెయ్యమని కొందరు అడుగుతారు, ఈయనా అడిగారు. వద్దన్నా. ఆయన టీవీలో పాత అనలాగ్ ట్యూనర్ ఇంకా ఉంది, బొమ్మ శుభ్రంగా వస్తోంది, అలాంటప్పుడు ఒరిజినల్ బోర్డులో రెసిస్టర్లు పీకడం నాకు నచ్చదు.

ఇండియాకి పట్టుకెళ్దామనుకునేవాళ్ళకి రెండు మాటలు. అడాప్టర్ 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, మన 230లో పెడితే కాలిపోతుంది, అక్కడే దొరికే తొమ్మిది వోల్టుల డీసీ అడాప్టర్ వాడుకోండి, పోలారిటీ చూసుకుని. రెండోది, టీవీ సిగ్నల్ పద్ధతుల్లో అమెరికా మెషీన్ ఎన్‌టీఎస్‌సీ, మన టీవీలు పాల్, శబ్దం క్యారియర్ అమెరికాలో 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటే మన దగ్గర 5.5, కాబట్టి మల్టీసిస్టమ్ టీవీ కాకపోతే బొమ్మ నలుపు తెలుపులో వచ్చి శబ్దం రాకపోవచ్చు. అది చూసి కూడా టీఐఏ పోయిందనేవాళ్ళు ఉంటారు.

మరి నిజంగా టీఐఏ పోతే ఎలా ఉంటుంది? బఫర్‌కి సంబంధం లేని లక్షణాలు వెతకాలి. ఒక ప్లేయర్ అసలు కనపడడు, రెండోవాడు మామూలుగా ఉంటాడు. ప్లేఫీల్డ్‌లో ఒకే నిలువు గీత అన్ని గేమ్‌ల్లోనూ మాయమౌతుంది. బొమ్మ బానే ఉండి రెండు శబ్దం ఛానళ్ళలో ఒకటి మూగబోతుంది. గుండు తగిలినా తగలనట్టు దాటిపోతుంది, ఎందుకంటే ఆరు వస్తువుల మధ్య 15 జతల ఢీలనీ కనిపెట్టేది టీఐఏ హార్డ్‌వేరే, ప్రోగ్రామ్ ఊరికే చదువుకుంటుంది. వీటిలో ఏదైనా రెండు మూడు కార్ట్రిడ్జ్‌లతో మళ్ళీ మళ్ళీ వస్తే, సాకెట్‌లో చిప్ తీసి కాళ్ళు తుడిచి పెట్టినా పోకపోతే, అప్పుడు టీఐఏ ఇచ్చే దాత మెషీన్ కోసం చూడండి. అప్పుడైనా పనిచేసే 2600ని విప్పకండి. అటారీ 7800లో కూడా టీఐఏ ఉంటుంది, పాత గేమ్‌లు ఆడించడానికీ దాని సొంత శబ్దానికీ అదే వాడుకున్నారు, వేరే చిప్ పోయి మూలన పడిన 7800 బోర్డు దొరికితే ముందు దానిలోది తీసుకోండి.